మద్యవర్జన ప్రమాణమును గూర్చి

మన పాఠశాలలో ప్రతి సంవత్సరము క్రిస్మసు సెలవులకు ముందు వచ్చు ఆదివారమున మద్యవర్జన ప్రమాణము జరుగుట పాఠకులలో పలువు రెఱిగినదే. నీలిరంగు అట్ట గల పెద్ద పుస్తకమొకటి బల్లపై నుంచబడును. విద్యార్థులు తమ తండ్రులను, అన్నలను, మేనమామలను వెంటబెట్టుకొని వత్తురు. కీర్తన పాడిన పిమ్మట ఒక్కొక్కరు లేచి, ఆనాటినుండి కల్లుగాని సారాయిగాని ముట్టమని చెప్పి వ్రాలు చేయుదురు. వ్రాలు రానివారు వ్రేలిముద్ర వేయుదురు. ఆ పుస్తకమును భద్రపఱచు పని పదునొకండేండ్లుగా మాది. అందుచేత దానిని గూర్చి మాటలాడుటకు మాకు కొంత హక్కును, అంతకంటె నెక్కువ బాధ్యతయు గలవని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నాలుగేండ్ల క్రిందటి ప్రమాణదినమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రిని తీసికొని వచ్చెను. ఊరు దేవరకొండ ప్రాంతము. తండ్రిది తాపీపని. వానలు లేని యేడు పట్టణమునకు వలసపోవుట, కొంత సొమ్ముతో తిరిగివచ్చుట, ఆ సొమ్మును కల్లు కంపౌండులో ధారపోయుట, ఇది వారి యింటి పంచాంగము. కుమారుడు ఏడాదిపాటు బ్రతిమాలగా ఆయన వచ్చెను. మేము ఆయన భుజముపై చేయివేసి, "నేటినుండి చుక్క ముట్టవద్దు, దేవుడు బలమిచ్చును" అంటిమి. ఆయన కన్నీటితో వ్రేలిముద్ర వేసెను. సభలో చప్పట్లు మ్రోగెను.

సోమవారము ఆయన చేతులు వణకెను. మంగళవారము నిద్ర లేదు, ఒడలంతయు చెమట. గోడపై చీమలు ప్రాకుచున్నవని చేతితో దులుపసాగెను. ఆ రాత్రి మెడ ఒక ప్రక్కకు తిరిగిపోయి, పండ్లు గిట్టకఱచి, ఫిట్సు వచ్చెను. ఇరుగుపొరుగువారు దయ్యమనిరి. కొందఱు, ప్రమాణము చాటుగా తప్పియుండును, అందుకే శిక్ష తగిలినదనిరి. బుధవారము తెల్లవారుజామున బాలుడు ఆటోలో మా యింటికి వచ్చి, తలుపు పట్టుకొని, "సారూ, మా నాయిన ఎట్లనో జేస్తుండు, జర రాండ్రి" అనెను.

మేము పోయి మొదట చేసినది ప్రార్థన. అది తప్పనుట లేదు. కాని అచ్చట అర్ధగంట గడపితిమి. ఆ వీథిలోనే యుండు విశ్రాంత నర్సమ్మ యొకామె లోనికి వచ్చి, రోగిని చూచి, "ప్రార్థన బండిల చేద్దురుగాని, ముందుగాల దవాఖానకు నడువుండ్రి" అని కసరెను. ఆసుపత్రిలో వైద్యుడు నాడి చూచుచు అడిగిన మొదటి ప్రశ్న: "ఒక్కసారిగా మానుమని ఎవరు చెప్పిరి?" మేము బదులు చెప్పలేదు. బాలుడు మా ముఖము చూచి తల వంచుకొనెను.

ఆయన బ్రదికెను. ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. మేము వైద్యము చదివినవారము కాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మద్యమును గూర్చి మాకు నేర్పినది ఒక్క ప్రయోగమే: సారాయి గ్లాసులో వానపామును వేసి, అది చచ్చుట పిల్లలకు చూపుట. దినదినము త్రాగువాడు ఒక్క దినమున మానినచో ఏమగునో ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. ఆ తరువాత వైద్యుల వలన తెలిసికొన్నదానిని ఇచ్చట మా మాటలలో చెప్పుదుము.

మన తాతలు మోట తోలెడువారు. నిండిన బొక్కెన బరువు వెనుకకు లాగుచుండగా ఎద్దులు దానికి సరిపడు బలముతో ముందుకు మొగ్గుచు వాలులో దిగును. మోకు తెగినదనుకొనుడు. ఎద్దులు ఆగలేవు; మోకాళ్లమీద పడిపోవును. మద్యము మెదడును వెనుకకు లాగు బరువువంటిది. ఏండ్ల తరబడి ఆ బరువు నోర్చుకొనుటకు మెదడు ఎదురుబలము పెంచుకొనును. బరువు ఒక్క పెట్టున తొలగినచో ఆ యెదురుబలమే వణకుగా, చెమటగా, ఫిట్సుగా, మతిభ్రమగా బయటపడును. ఫిట్సు సాధారణముగా మానిన 6 గంటలు మొదలు 48 గంటలలోపున వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినమువఱకు తీవ్రమైన సన్నిపాతము పుట్టవచ్చును. చికిత్స లేనిచో అందు ప్రాణాపాయము గలదు. అందఱికిని ఇట్లు జరుగదు. ఎవరికి జరుగునో ముందుగా చూచి చెప్పదగినవాడు వైద్యుడేగాని ప్రమాణపుస్తకము చేతబట్టిన ఉపాధ్యాయుడు గాడు.

మన రెండు జిల్లాలలో ఇంకొక చిక్కు గలదు. చెట్టుకల్లునకు కాలమున్నది, కల్లు కంపౌండునకు కాలము లేదు. ఈదులు, తాళ్లు ఎన్నియున్నవో మనము కన్నులార చూచుచున్నాము. ప్రతి సాయంకాలము ఊరూర అమ్ముడుపోవు సీసాలనన్నిటిని ఆ చెట్లే నింపుచున్నవని నమ్ముట కష్టము. కొఱవడినదానిని నీరు, చక్కెరవంటి తీపి పొడులు, వానితోపాటు క్లోరల్ హైడ్రేటు, డయజెపామ్, అల్ప్రాజొలామ్ అను మత్తుమందులు పూరించుచున్నవి. దీనినే జనులు మందుకల్లు అందురు. చెట్టెక్కు గౌడన్నను ఇందుకు నిందింపరాదు. అతడు మోకు నడుమునకు బిగించుకొని ప్రాణమును పణముగా నొడ్డి పని చేయువాడు, ఆ పొడి చెట్టుపై పుట్టినది గాదు. త్రాగువాడు తాను కల్లునకు అలవాటుపడితిననుకొనును. నిజమునకు అలవాటుపడినది ఆ పొడికి. అల్ప్రాజొలామ్ మానిన బాధ ఒకటి రెండు దినములలోనే తలయెత్తవచ్చును. డయజెపామ్ విషయమున వారము గడచినను ఆశ్చర్యము లేదు. సీసాలో ఏది కలిసినదో త్రాగువాడెఱుగడు గనుక, అపాయము ఏనాడు వచ్చునో ఇంటివారెఱుగరు.

2015లో తెలంగాణ ప్రభుత్వము గుడుంబాను, కల్తీకల్లును అణచబూనినప్పుడు నిజామాబాదు, మెదకు, మహబూబునగరము మొదలగు జిల్లాలలో జనులు మెడలు వంకరపోయి, మాట తడబడి, మతి చలించి ఆసుపత్రులకు పరుగెత్తిరి. 2023 ఏప్రిలులో మహబూబునగరపు ప్రభుత్వ ఆసుపత్రి మరల అట్టి రోగులను చూచెను. దుకాణము మూయించుట మంచిదే. మూసిన మఱునాడు ఆ యింటిలో ఏమి జరుగునని అడుగువారు కావలెను. ఇది పాత లోపము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచి సారాయి దుకాణమును మూయించిరి. వారి యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. నిషేధము 1997లో తొలగెను. ఆ దినములలో మేము విద్యార్థులము. ఊరేగింపులలో నడచి గొంతు బొంగురుపోవునట్లు అఱచితిమి. త్రాగువానిని వైద్యునియొద్దకు తీసికొనిపొండని మా నినాదములలో ఒక్కటియైన లేదు.

సంఘపు పెద్దలలో కొందఱు, "దీనిని రోగమన్నచో పాపమను భయము పోవును గదా" అందురు. వారి యాందోళనను మేము తేలికగా చూచుట లేదు. తిమోతికి వ్రాసిన పత్రికలో కడుపుకొఱకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనిన మాటను త్రాగుబోతులందఱు కంఠస్థము చేసియుందురు. తక్కిన పత్రికలో ఒక్క మాటయు వారికి రాదు. సాకులు వెదకు మనస్సు మనుష్యునకు గలదు. అయినను మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానితో, యెరికోదారిని ఒంటరిగా ఏల వచ్చితివని అడిగినట్లు మనము చదువలేదు. గాయములు కట్టెను, పూటకూళ్లవాని యింట దింపెను, రెండు దేనారములిచ్చెను, ఇంకేమైన ఖర్చైనచో తిరిగివచ్చినప్పుడు తీర్తుననెను. మన బోధలలో మొదటి భాగమునే చెప్పుచున్నాము. పూటకూళ్లవాని యిల్లు, తిరిగివచ్చుట, ఈ రెండును మన ప్రమాణదినమున లేవు.

చికిత్స యన నేమో చెప్పుదుము. వైద్యుడు మెదడును శాంతపఱచు మాత్రలను మొదట తగిన మోతాదులో నిచ్చి, దినదినము తగ్గించుచు వచ్చును. తెగిన మోకునకు బదులు బొక్కెనను మెల్లగా దింపుటవంటిదది. మందుకల్లు త్రాగినవానికి ఈ తగ్గింపు వారములకొలది సాగవలసివచ్చును. దీనితోపాటు బి1 విటమిను సూదిమందు ఇత్తురు. ఏండ్లు త్రాగినవాని శరీరములో ఆ విటమిను ఎండిపోయియుండును. అది ఇయ్యక గ్లూకోసు మాత్రమే ఎక్కించినచో మెదడు శాశ్వతముగా చెడవచ్చును. ఊరి ఆర్.ఎం.పి. వైద్యునిచే గ్లూకోసు సీసా పెట్టించి తృప్తిపడు తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొన వేడుచున్నాము. ఆసుపత్రి పని కొలది దినములలో ముగియును. ఆ తరువాతి పని ఏండ్లది. సాయంకాలము ఆరు గంటలకు కాళ్లు తమంతట కంపౌండు దారి పట్టును. కూలిడబ్బు చేతబడిన శనివారము, బంధువు చచ్చిన దినము, బోనాలు, పీర్ల పండుగ, ఇవన్నియు పరీక్షలే. ఆ గడియలలో ఏమి చేయవలెనో రోగితోను ఇంటివారితోను కూర్చుండి నేర్పువారు కావలెను.

అట్టి సహాయము ఎందఱికి అందుచున్నది? కేంద్రప్రభుత్వము కొఱకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతట సర్వే జరిపి 2019లో ప్రకటించిన లెక్కల ప్రకారము 10 మొదలు 75 ఏండ్లలోపువారిలో సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగుచున్నారు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స అందినది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. మన నీలిపుస్తకములో పుటకు పందొమ్మిది వరుసలున్నవి. రెండు పుటలకు ఒక్కడు! మిగిలిన ముప్పదియేడుగురి పేర్లను మేము మా దస్తూరితో వ్రాసితిమి.

చెన్నపట్టణమున శాంతీ రంగనాథన్ గారు త్రాగుడువలన భర్తను పోగొట్టుకొని 1980లో ఒక చికిత్సాసంస్థను స్థాపించిరి, అది టి.టి.కె. ఆసుపత్రి యను పేరుతో ప్రసిద్ధి. ఆమెకు 1992లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. మనకు ముఖ్యమైనది వేఱొకటి. పట్టణపు ఆసుపత్రికి రాలేని పల్లెవారి కొఱకు ఆ సంస్థవారు 1989లో తంజావూరు ప్రాంతపు మంజక్కుడి గ్రామమునకు తామే పోయి శిబిరము పెట్టిరి. వైద్యులు, సలహాదారులు ఊరిలోనే మకాముండిరి. ఊరివారు చోటు చూపిరి. భార్యలకును బోధ జరిగెను. ఆ పద్ధతి తరువాత పలు గ్రామములకు ప్రాకెను.

మా విన్నపమిది. వేసవి సెలవులలో మన వసతిగృహము తాళము వేసియుండును. గదులు, బావి, వంటశాల, వేపచెట్ల నీడ యన్నియు వట్టిగా నుండును. అందు పదునైదు దినములు అట్టి శిబిరమును నడపవచ్చును. మహబూబునగరమున 2016 నుండియు, నల్లగొండయందు 2019 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. వాని ఆసుపత్రులలో మానసిక వైద్యులున్నారు. బీబీనగరములో ఎయిమ్స్ ఉన్నది. మొదటి ప్రమాదకరమైన దినములు ఆసుపత్రిలోనే గడపి, వైద్యుడు పొమ్మన్నవారినే శిబిరమునకు తీసికొనవలెను. ఆ క్రమము తప్పినచో శిబిరము వద్దు. "త్రాగుబోతులను బడిలో పెట్టుదురా, బడి పేరు ఏమగును?" అని తల్లిదండ్రులలో కొందఱు ఇప్పటికే మాతో ననిరి. వారి పిల్లలు మన బడిలోనే యున్నారని వినయముగా మనవి చేసికొంటిమి. ఖర్చు సంగతి వేఱు. దానిని గూర్చి యాజమాన్యమువారు ఇంకను ఆలోచించుచున్నారు, వారి సందేహములలో కొన్ని న్యాయమైనవే.

ఇక ఇంటివారిని గూర్చి. మేము పైని చెప్పిన బాలుడు ఏడవ తరగతిలో నుండగా లెక్కల గంటలో నిద్రపోయినందుకు వానిని బల్లపై నిలువబెట్టితిమి. తల్లిని కొట్టకుండ కాచుటకై వాడు రాత్రులు మేలుకొనువాడని మాకు రెండేండ్ల తరువాత ఆసుపత్రి వరండాలో తెలిసెను. వాడు చెప్పలేదు, మేము అడిగితిమి. త్రాగువాడు ఒక్కడుండును, ఆ యింట రోగపడువారు నలుగురు. భార్య మేస్త్రీతో, "జ్వరం వచ్చింది" అని బొంకును. అప్పు తెచ్చి అప్పు తీర్చును. నలుగురిలో మాట రాకుండ తలుపులు మూసికొనును. అదియంతయు ప్రేమతోనే చేయును. దానివలన అతడు త్రాగుటకు అడ్డు తొలగుచున్నదని ఆమెకు ఎవరు చెప్పవలెను? అమెరికాలో 1935లో బిల్ విల్సన్, బాబ్ స్మిత్ అను ఇద్దఱు త్రాగుడు బాధితులు, ఒకరికొకరు తోడుగా నిలిచి, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమును ప్రారంభించిరి. విల్సన్ గారి భార్య లోయిస్ మఱికొందఱు స్త్రీలతో గూడి 1951లో ఇంటివారి కొఱకు ప్రత్యేకముగా అల్-అనాన్ అను సహవాసమును నెలకొల్పెను. భర్త మానిన తరువాతకూడ ఆమెకు ఓదార్పు కావలసివచ్చెననుట గమనింపదగినది.

తల్లులారా, అన్నములోనో పులుసులోనో చాటుగా మాత్రలు కలుపకుడు. డైసల్ఫిరామ్ అను మందు 1948 ప్రాంతమున డెన్మార్కు వైద్యులు వెల్లడించినది. అది కడుపులో నుండగా మద్యము త్రాగినచో ముఖము కందిపోయి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును. తెలిసి, ఒప్పుకొని, వైద్యుని కన్నుల యెదుట వాడువానికి అది సహాయము, తెలియనివానికి విషము. గోడలపై అంటించిన ప్రకటనలలోని పేరు లేని పొడులను గూర్చి చెప్పనక్కఱలేదు. త్రాగి తిరుగుచున్నాడని గొలుసుతో కట్టివేయువారును గలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసును నిషేధించినది.

విద్యార్థులారా, మీరు మంచి మార్కులు తెచ్చుకొననందున మీ నాయన త్రాగుట లేదు. మీరు మంచి మార్కులు తెచ్చినంతమాత్రమున మానడు. సీసాను దొంగిలించి పాఱబోయుట సాహసమని మీలో కొందఱు తలంతురు. దెబ్బలు తినుట యటుండగా, అదియు ఒక్కసారిగా మాన్పించుటయే యని ఇంతకు ముందు చదివితిరి. మీరు చేయదగినది ఒక పెద్దవారితో చెప్పుట. మాతో చెప్పుడు; మేము బల్లపై నిలువబెట్టము. ఇంట ఫోను ఉన్నచో 14446 అను సంఖ్య వ్యసనవిముక్తి సహాయమునకును, 14416 అను సంఖ్య మానసిక సహాయమునకును ఉచితముగా పలుకును. రెండవది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్. అందు తెలుగులో మాటలాడవచ్చును. ఫిట్సు వచ్చినను, మతి తప్పి మాటలాడుచున్నను ఫోనుతో కాలము గడపక 108 బండిని పిలువుడు.

ఆ తాపీమేస్త్రీ సంగతి చెప్పి ముగింతుము. ఆసుపత్రిలో తొమ్మిది దినములుండెను. మాత్రలు రెండు నెలలు తగ్గించుచు వాడెను. మఱుసటి యేడు పీర్ల పండుగనాడు మరల త్రాగెను. ప్రమాణము తప్పితినని సిగ్గుపడి ఆదివారములు మందిరమునకు వచ్చుట మానెను. మేమును, నిజము చెప్పవలెనన్న, మూడు వారములు ఆయన యింటికి పోలేదు, ఏమి మాటలాడవలెనో తోచక. ఆయనే స్వయముగా బస్సెక్కి వైద్యునియొద్దకు పోయెనని కుమారుడు వచ్చి చెప్పెను. ఆ తరువాత మాకు తెలిసినంతవఱకు ముట్టలేదు. గత వేసవిలో మన ప్రహరీగోడ తూర్పుభాగము కట్టినది ఆయనయే.

నీలిపుస్తకము నిండినది. ఈ సంవత్సరమునకు క్రొత్తది అచ్చునకిచ్చితిమి. పేరు, ఊరు, వైద్యుని చూచిన తేది, తోడుగా నుండువారి పేరు, వ్రాలు అని నిలువుగడులు వ్రాసియిచ్చితిమి. అచ్చుకూటపువారు వరుసలో సందేహపడి, వైద్యుని తేది వ్రాలునకు ముందుండవలెనా వెనుకనుండవలెనా యని మనిషిని పంపి అడిగించిరి. ముందే యని చెప్పి పంపితిమి.